మొదటి ఇంటి మాట

దేవుడు ఒక అబద్ధాన్ని ఎంతకాలం గుర్తుపెట్టుకుంటాడు అన్న అనుమానం ఏసుబాబుకి పద్దెనిమిదేళ్లుగా ఉంది. పాస్టరుగారిని రెండుసార్లు అడిగాడు. మొదటిసారి ఆయన ప్రార్థన చేద్దాం అన్నారు, రెండోసారి కూడా ప్రార్థనే చేశారు. ప్రార్థన మంచిదే, ఏసుబాబు కాదనడు. పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చోనిదే మంచినీళ్లు కూడా ముట్టడు. కాని మోకాళ్ల మీద నుంచి లేచేటప్పుడు ఆ అనుమానం కూడా అతనితోపాటే లేచేది, చెరువు గట్టు దాకా వెంట వచ్చేది. ఇప్పుడు ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే పల్లెవెలుగు బస్సులో, మధ్యాహ్నం ఎండలో, రేకు కాలిపోతున్న కిటికీ పక్కన అమ్మ, ఆమె పక్కన తను. అనుమానం ఎక్కడ కూర్చుందో గాని దిగిపోలేదు.

అమ్మ మాట్లాడటం లేదు. బస్సు ఎక్కితే మణెమ్మ నోరు ఊరుకోదు. ఫలానా చెరువులో నీళ్లు పచ్చబడ్డాయి, ఫలానా గట్టు మీద గడ్డి కోసేశారు, ఆ కొంగల్ని చూడరా, బడి వదిలిన పిల్లల్లా ఎలా గుమిగూడాయో అంటూ దారి పొడుగునా చెబుతూనే ఉంటుంది. పొద్దున వచ్చేటప్పుడు కూడా అలాగే చెప్పింది. ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది, జడలేని తలకి నూనె రాసుకుంది, కండక్టరుని బాబూ అని పిలిచి, మా అబ్బాయి మిలట్రీ పనిమీద వెళ్తున్నామని అడక్కుండానే చెప్పింది. ఇప్పుడేమో కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తోంది, చూస్తున్నదేదీ చూస్తున్నట్టు లేదు. ముందు ఒక చేపల లారీ వెళ్తోంది. దానిలోంచి ఐసు కరిగిన నీళ్లు రోడ్డు మీద సన్నటి గీతలా పడుతున్నాయి, ఆ గీత మీదే తమ బస్సు నడుస్తోంది. నీచు వాసన లోపలికి కొట్టింది. ఏసుబాబుకి ఆ వాసన ఇప్పుడు తెలియను కూడా తెలియదు. చెరువుల కాపలా పని అతనిది. పగలు నీటికాకుల్ని తోలాలి, టపాకాయలు పేల్చాలి, డబ్బా మోగించాలి. దేశం సరిహద్దు కాసిన చేతులతో పక్షుల మీద టపాకాయలు పేలుస్తున్నాను అని ఒకరోజు తనకు తనే అనుకుని నవ్వుకున్నాడు, ఆ నవ్వు ఎవరికీ చెప్పుకోలేదు. శాలినికి చెబితే, "పోనీలెండి, పక్షులైతే తిరిగి కాల్చవు కదండీ" అనేది. అతని భార్య అన్నిటికీ అలాగే సర్దిచెబుతుంది. ఈ ఒక్కదానికి మాత్రం ఏమీ చెప్పలేదు. పొద్దున క్యారేజీ కడుతూ, "ఈసారన్నా ఆ మాట మార్చించుకుని రండి" అంది, అంతే.

మిలట్రీ కాగితాల్లో అతని పేరు పక్కన ఉన్న ఆ మాట డిస్మిస్. దాన్ని డిశ్చార్జి అని మార్చించుకోవాలి. రెండు మాటలకీ అర్థం ఇంటికి పంపించెయ్యడమే కదా అని తమ పేటలో అడిగినవాళ్లు ఉన్నారు. కాదు. ఒకటి ఇంటికి పంపడం, రెండోది బయటికి గెంటడం. గూడెం టౌను పక్క ఊళ్లలో ఇంటికొక సైనికుడు ఉంటాడు, వాళ్లకి ఈ తేడా చంటిపిల్లలతో సహా తెలుసు. గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర టీకొట్లో పెన్షన్ మనుషులు కూర్చుంటారు. ఒకసారి తనూ వెళ్లి కూర్చుంటే, ఏ యూనిట్టండీ, ఎప్పుడు దిగారండీ అని ఎంతో మర్యాదగా అడిగి, విషయం తెలిశాక కూడా మర్యాద తగ్గించకుండానే బల్ల మీద కాస్త అవతలికి జరిగారు. తిట్టినా బాగుండేది. ఆ గూడెంలోనే, పాత విమానాల రన్‌వే మీద, ఇరవై ఏళ్ల కుర్రాడిగా పరుగెత్తి సెలక్టయ్యాడు తను. చెప్పుల్లేని కాళ్లకి సిమెంటు చురచురమంటుంటే ఇంకా ముందుకి, ఇంకా ముందుకి. అమ్మ ఆ రన్‌వే గట్టున చెంగు నెత్తిన వేసుకుని నిలబడి, కొడుకు ఏ వరసలో ఉన్నాడో తెలియక పరుగెత్తేవాళ్లందరినీ దీవించింది. పైకే దీవించింది, పక్కనున్నవాళ్లు నవ్వారు కూడా.

ఆ అమ్మే. అబద్ధం ఆడని మనిషి. కూలి దగ్గర ఎక్కువ లెక్క వేసుకున్న మేస్త్రిని అందరిముందూ నిలదీసిన మనిషి. అలాంటిది పద్దెనిమిదేళ్ల కిందట ఆ భాద్రపదంలో ఎలా ఆడింది? ఎలా ఆడిందో ఏసుబాబుకి తెలుసు, ఎందుకు ఆడిందో కూడా తెలుసు, అయినా ప్రశ్న మిగిలే ఉంటుంది. సెలవుకి వచ్చాడు, కొల్లేరు పొంగింది, రోడ్డు మునిగింది. జ్వరం వచ్చింది. తాటిదోనెలో పడుకోబెట్టి పక్క లంకలో ఉన్న ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. సర్కారు ఆసుపత్రికి వెళ్లి చీటీ రాయించుకోవాలని, సెలవులో జబ్బు చేస్తే మిలట్రీ నమ్మేది ఆ చీటీనే అని తెలిసినవాడు పేటలో తనొక్కడే, తనకేమో ఒంటి మీద తెలివి లేదు. కాస్త తెలివి ఉన్నప్పుడు యూనిట్‌కి ఒక కార్డు రాసి పంపాడు, అది ఎక్కడ నానిపోయిందో. జ్వరం తగ్గింది, మళ్లీ తిరగబెట్టింది. గుర్రపుడెక్క మధ్య నుంచి దోనె వెళ్తున్నప్పుడు ఆ ఊదారంగు పూలు ముఖం పక్కనుంచి జరిగిపోవడం గుర్తుంది, ఆకాశం గుర్తుంది, కాళ్ల దగ్గర కూర్చున్న అమ్మ గొంతు గుర్తుంది. ఇంకేమీ గుర్తులేదు. ఎన్నాళ్లు అలా పడుకున్నాడో అమ్మ చెబితేనే తెలిసింది.

పోలీసులు వచ్చింది మాత్రం బాగా గుర్తుంది. తడిక అవతల నీళ్లలో అడుగుల చప్పుడు, దగ్గు, తర్వాత ఒక మగగొంతు. ఏసుబాబనే సిపాయి ఇల్లు ఇదేనా, సెలవు అయిపోయినా వెళ్లలేదట, ఇంట్లో ఉన్నాడా? కటువుగా ఏమీ అడగలేదు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "లేడండీ. వెళ్లిపోయాడండీ. రోడ్డు తేలగానే బస్సెక్కించామండీ" అంది. గొంతు వణకలేదు. తను లేచి కూర్చోవాలనుకున్నాడు. ఇక్కడే ఉన్నానని కేక వెయ్యాలనుకున్నాడు. కేక లోపల తయారైంది గాని పైకి రాలేదు, మంచం నులక ఒకసారి కిర్రుమంది, అంతే. అమ్మకి పోలీసు అంటే ఒకటే అర్థం. చెరువు తగాదాలో నాన్నని, ఇంకా నలుగురిని తీసుకెళ్లి వారం ఉంచుకుని పంపారు. నాన్న నడిచే వచ్చాడు గాని ఆ దగ్గు తగ్గలేదు, ఆ ఏడు గడవలేదు. ఇంట్లో ఉన్నాడా అని అడిగినవాళ్లకి ఉన్నాడు అని చెప్పి పంపింది ఒకసారి. రెండోసారి చెప్పదు.

ఆ ఒక్క మాటతో అయిపోతే బాగుండేది. పేటకి ఒక కట్టుబాటు ఉంది, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. బయటి నుంచి పోలీసో, కోర్టు అమీనానో వస్తే వీధి మొదట్లో ఉన్న ఇంటివాళ్లు ఏది చెబితే అదే పేట మాట. తర్వాత ఇంటివాళ్లు వేరేమాట అనకూడదు. మొదటి ఇంట్లో ఏం చెప్పారో పిల్లలు దొడ్డిదారిన పరుగెత్తి చెప్పేవాళ్లు, పోలీసులు ముందు గుమ్మంలోకి వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉండేది. వీధి మొదటి ఇల్లు మణెమ్మది. కొడుకుని చూడని ముసలమ్మలు కూడా, బస్సెక్కించామండీ, మేమే సంచి పట్టుకున్నామండీ, ఏడ్చాడండీ పాపం అని చెప్పారు. ఎవరూ నేర్పకుండానే ఎంత అందంగా చెప్పారో. ప్రేమతోనే చెప్పారు. ఆ తర్వాత యూనిట్‌కి తంతి ఇద్దామని తను మంచంలోంచి అంటే, సంఘపెద్ద పాపారావు బాబాయి మంచం పక్కన కూర్చుని, "ఇంట్లో జొరంతో ఉన్నాడని తంతి ఇచ్చామనుకో, మరి నిన్న పోలీసోళ్లకి చెప్పిందేంట్రా? మీ అమ్మని బొక్కలో ఎయ్యరూ?" అన్నాడు. నిజమే అనిపించింది. ఒక్క మాటని కాపాడుకోవడానికి పేట మొత్తం నోరు మూసుకుంది. తను లేచి నడిచేనాటికి వరి పాలుపోసుకుంది.

బస్సు కొల్లేట్లో పడింది. రోడ్డుకి రెండుపక్కలా గట్లు, నీళ్లు, మళ్లీ గట్లు. కొల్లేరులో చెరువులు ఉండకూడదని మూడేళ్ల క్రితం సర్కారు పేల్చేసిన గట్లు అక్కడక్కడా పళ్లూడిన చిగుళ్లలా ఉన్నాయి. ఆ గట్లలో పేట చెరువుదీ ఒకటి. దాని మీదే పోయినవారం పాపారావు బాబాయి దగ్గర మాట తెగిపోయింది. ముసలాయన ఇప్పుడు మంచం దిగడు, గొంతు మాత్రం పాతదే. కొత్తగా మద్రాసులో సైనికుల కోసం ట్రిబ్యునల్ పెట్టారు బాబాయ్, ఆఖరి అవకాశం, ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నానని పేటలో ఇద్దరు పెద్దలు ప్రమాణం చేసి సంతకం పెడితే చాలు అని తను వివరించాడు. ఆయన అంతా విని, టీ గ్లాసు కింద పెట్టి, "అంటే మనం అబద్ధాలకోరులమని మనమే సంతకం పెట్టాలి" అన్నాడు.

"అది కాదు బాబాయ్..."

"ఏది కాదురా? చెరువు మాదే, తాతల నాటి నుంచి మాదేనని పేటంతా ఆఫీసర్ల ముందు చెప్పాం. నష్టపరిహారం ఇంకా తేలలేదు. రేపు అవతలోడు లేచి, అయ్యా, వీళ్లు పోలీసులకే అబద్ధం చెప్పిన బాపతు, ఇదిగో సంతకాలు అంటే? నీకు ఒక్క ముక్క కావాలి, బాగానే ఉంది. ఇరవై కొంపలకి కూడు కావాలి కదరా."

"మరి నా సంగతేంటి బాబాయ్?"

ముసలాయన టీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుని, "నిన్ను పేటలో ఎవడన్నా ఒక మాట అన్నాడా, ఇన్నేళ్లలో?" అని అడిగాడు. అనలేదు. అది నిజం. పేటలో ఎవరూ అనలేదు. అందుకే కోపం కూడా పెట్టుకోలేకపోయాడు. తిరిగి వస్తూ గట్టు మీద నిలబడి ప్రభువా అన్నాడు గాని ఆ తర్వాత ఏం అడగాలో తోచలేదు. బాబాయి న్యాయమే చెప్పాడు. పోలీసులు వాళ్ల పని చేశారు. మిలట్రీ తన దగ్గరికి వచ్చిన మాటని బట్టే శిక్ష వేసింది. అమ్మ కొడుకుని దాచుకుంది. ఎక్కడా ఒక్క దుర్మార్గుడు లేడు, ఉంటే ఎంత బాగుండేది, ఆ ఒక్కణ్ణి తిట్టుకుని పడుకునేవాడు. అందరూ మంచివాళ్లే అయి ఒక మనిషి బతుకు ఇలా అయితే దాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలి తండ్రీ? అమ్మ ఖాతాలో వేశావా? పద్దెనిమిదేళ్లా? ఆ అబద్ధం వల్ల ఎవరికన్నా అన్యాయం జరిగిందంటే అది నాకే కదా, నేను ఎప్పుడో క్షమించానే, నువ్వింకా పట్టుకుని ఉన్నావా?

కాని అబద్ధం ఒక్కటి కాదు. రెండు. రెండోది తనది. దాన్ని పొద్దుటిదాకా ఎవరూ ఎరగరు. ఏలూరు సైనిక సంక్షేమ ఆఫీసులో పట్టాభిరామయ్యగారు మంచి మనిషి. మిలట్రీలో సుబేదారుగా రిటైరై ఇక్కడ గుమాస్తాగా చేరారు. తనని కూడా అందరితోపాటు గారూ అనే పిలుస్తారు, కుర్చీ చూపిస్తారు. పైనుంచి అర్జీ తిరిగొచ్చిందని, ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే సాక్ష్యం బలంగా ఉండాలని చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఏవండీ ఏసుబాబుగారూ, నాకొకటి అర్థం కాదు. మీరే వెళ్లి లొంగిపోయారు కదా. కోర్టుమార్షల్లో మిమ్మల్ని అడిగే ఉంటారు. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్నావా అని అడిగితే మీరేం చెప్పారండీ?" అన్నారు. అమ్మ అక్కడే ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. "అమ్మా, నువ్వలా బయట కుళాయి దగ్గర మొహం కడుక్కోపో" అన్నాడు. అమ్మ కదల్లేదు. పట్టాభిరామయ్యగారు ఎదురుచూస్తున్నారు. ఫ్యాను టకటకమంటోంది. చెప్పక తప్పలేదు. "లేనని చెప్పానండి."

"లేరా? మరి ఉన్నారంటున్నారే!"

"ఉన్నానండి. లేనని చెప్పాను. సెలవైపోయాక ఊళ్లు తిరిగానన్నాను."

ఆయన ఇంకేమీ అడగలేదు, కారణం కూడా. అడిగితే ఏం చెప్పేవాడు? ఆ కర్నల్ దొర ముందు టోపీ లేకుండా, బెల్టు లేకుండా నిలబడినప్పుడు నిజం నాలిక చివరకొచ్చింది. ఇంట్లోనే ఉన్నాను సాబ్, జ్వరం సాబ్. అంటే మళ్లీ విచారణకి రాస్తారు. మళ్లీ నీళ్లలో అడుగుల చప్పుడు, మళ్లీ గుమ్మంలో అమ్మ. ఎందుకు అబద్ధమాడావమ్మా, స్టేషనుకి రా. నాన్న దగ్గు వినపడింది. అందుకే, అమ్మ చెప్పిందే నిజమని చెప్పాడు. మొదటి ఇంటి మాటే తనూ చెప్పాడు. అంతే, పెద్ద త్యాగమని ఎప్పుడూ అనుకోలేదు, పేటలో పుట్టినవాడు ఎవడైనా అదే చెబుతాడు. జైల్లో ఉంచారు, తర్వాత గేటు దాకా తెచ్చి వదిలారు. కాని ఇంటికొచ్చాక అమ్మతో మాత్రం, నన్నేమీ అడగలేదమ్మా, వాళ్లే రాసుకున్నారు అన్నాడు. అది మూడో అబద్ధమా? లెక్కపెడుతూ పోతే ఎక్కడ ఆగుతుంది?

పట్టాభిరామయ్యగారు కళ్లజోడు పెట్టుకుని మెల్లిగా చెప్పారు. "మీ అమ్మగారు అప్పుడొక మాట అన్నారు, ఇప్పుడొకటి అంటున్నారంటారు. మీరూ అంతే. ఊరివాళ్లు రారు. నేను పంపమంటే పంపుతానండీ, నా చేతిలో పనే. కాని మీకు ఆశ పెట్టలేను." ఇంకా ఏదో చెప్పారు, ఆలస్యానికి కారణం చూపాలనో ఏదో. అది ఏసుబాబుకి వినపడలేదు. అమ్మ వంక చూడకుండా ఎటు చూడాలో వెతుక్కుంటున్నాడు అప్పుడు. ఆమె లేచి ఆయనకి దణ్ణం పెట్టింది. అప్పటినుంచి ఒక్క మాట లేదు. బస్టాండులో పెరుగన్నం క్యారేజీ విప్పితే చెయ్యి పెట్టలేదు.

ఇప్పుడు ఏమనుకుంటోంది? నా కొడుకు నావల్ల అంటోందా? ఊచ మీద ఆమె చెయ్యి ఎండిన చేపలా ఉంది, నరాలు తేలి. ఆ చెయ్యి మీద తన చెయ్యి వెయ్యాలనిపించి వెయ్యలేదు. అలా వేసే అలవాటు వాళ్లింట్లో లేదు. ఈ మాట ఇక మారదు. మారదని తెలిసిపోయాక ఏదో తేలికపడుతుందంటారు గాని, ఏమీ తేలికపడలేదు, నీళ్లు పీల్చుకున్న గోనెసంచిలా ఇంకా బరువెక్కింది. రేపు పొద్దున గట్టు, నీటికాకులు, డబ్బా. ఎల్లుండీ అంతే. చచ్చిపోతే సమాధి దగ్గర పాస్టరుగారు ఏమంటారు? సైన్యంలో పనిచేశాడని అంటారా, అనకుండా దాటేస్తారా? దాటేస్తారు, మంచివాడు కదా.

మండలం ఊరు వచ్చింది. తమ ఊరికి ఇంకా మూడు స్టాపులున్నాయి. బస్సు మలుపు తిరుగుతుండగా మణెమ్మ లేచి నిలబడింది.

"ఆపు బాబూ, దిగాలి."

"ఇక్కడ స్టాపు లేదమ్మా. మీ టికెట్టు ముందుకుంది" అన్నాడు కండక్టరు.

"ఉంటే ఉండనీ. ఆపు."

"పొద్దున మిలట్రీ పనన్నావు, ఇప్పుడేం పని మామ్మా, పోలీసు పనా?" బస్సులో నవ్వారు. కండక్టరు ఊరికే వెటకారానికి అన్నాడు, కిటికీలోంచి ఎదురుగా కనిపిస్తున్నది పోలీసు స్టేషనే.

"అవును బాబూ" అంది మణెమ్మ.

ఏసుబాబు క్యారేజీ పట్టుకుని వెనకాలే దిగాడు. అమ్మా, ఎక్కడికే, ఆగు అంటూనే ఉన్నాడు. ఆమె రోడ్డు దాటేసింది. స్టేషను గుమ్మం ముందు చెప్పులు విడిచింది. లోపల బల్ల వెనక ఒక కుర్ర కానిస్టేబులు సెల్‌ఫోను చూసుకుంటున్నాడు, మీసం ఇంకా సరిగా రాలేదు.

"ఏంటి మామ్మగారూ? కంప్లయింటా?"

"కాదు నాయనా. మీ స్టేషనోళ్లు నన్నొకటి అడిగారు. జవాబు చెప్పాలి."

"ఎవరడిగారండీ? ఎస్సైగారు బయటికెళ్లారు."

"ఎవరో ఇద్దరు. అప్పటికి నువ్వు పాలు తాగుతుంటావేమో. మా ఏసుబాబు ఇంట్లో ఉన్నాడా అని అడిగారు. లేడని చెప్పాను. ఉన్నాడు నాయనా. లోపల మంచం మీద జొరంతో ఉన్నాడు. గుమ్మానికి అడ్డం నిలబడి లేడన్నాను."

కుర్రవాడు ఫోను కింద పెట్టాడు. మొహంలో మొదట నవ్వు వచ్చింది, తర్వాత పోయింది. "ఇప్పుడు మిమ్మల్ని ఎవరన్నా ఏమన్నా అన్నారా? పేటలో గొడవా?"

"పేట సంగతి నేనెత్తను. పేటోళ్ల మాట వాళ్లిష్టం. నా ఇల్లు, నా మాట."

"రాసుకోమంటారా?"

"రాసుకుంటే ఏమవుతుంది?"

కుర్రవాడు ఆలోచించాడు. "ఏమీ అవదండీ" అన్నాడు నిజాయితీగా. తర్వాత ఆమె వెనక క్యారేజీతో నిలబడ్డ మనిషిని చూశాడు. "ఈయనెవరండీ?"

"ఆడే."

కానిస్టేబులు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికీ తెలిసినట్టు లేదు, వయసులో పెద్దవాడని లేచాడేమో. "నిజమేనాండీ?" అని అడిగాడు, "ఆ రోజు ఇంట్లోనే ఉన్నారా?"

ఏసుబాబు క్యారేజీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇంట్లోనే ఉన్నానండి" అన్నాడు.

"సరేనండీ" అన్నాడు కుర్రవాడు. "విన్నాను" అని కూడా అన్నాడు.

మణెమ్మ తల ఊపి గుమ్మం దిగింది. చెప్పులు వేసుకుంటూ, తూలకుండా కొడుకు భుజం పట్టుకుంది.